మా ఆర్విడ్ పన్నెండు నిమిషాల పరీక్ష

గాల్వెస్టన్, టెక్సస్
మార్చి 3

గౌరవనీయులైన మిస్ సోల్వేగ్ టోర్గర్సన్ గారికి,

గాల్వెస్టన్ పెలికన్స్ ఫుట్‌బాల్ జట్టు నుంచి వెండెల్ పికార్డ్ అనే నేను రాస్తున్నాను. మనకు ముఖపరిచయం లేదు. కాలేజీల వెంట తిరిగి, మంచి కుర్రాళ్లను వెతికి మా జట్టుకు తేవడం నా ఉద్యోగం. మీ మేనల్లుడు ఆర్విడ్‌ను మూడేళ్లుగా చూస్తున్నాను. బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి అందించి, అందించిన మరుక్షణం ఎదుటివాణ్ని అడ్డగించి నిలబెట్టే సెంటర్లలో అంతటివాణ్ని ఈమధ్య ఎక్కడా చూడలేదు. ఏప్రిల్ నెలాఖరులో జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి కదా, రెండో వంతులోనే వాడి పేరు పిలుద్దామని నేనూ మా కోచ్ బక్ టార్ల్‌టన్ గారూ నిశ్చయించుకున్నాం.

ఇంతలో ఈ తెలివితేటల పరీక్ష ఒకటి వచ్చిపడింది. మీరు వినే ఉంటారు. పన్నెండు నిమిషాలు, యాభై ప్రశ్నలు. ఎంత బరువెత్తుతాడో, ఎంత వేగంగా పరిగెడతాడో చూశాక కుర్రాళ్లందరినీ బల్లల ముందు కూర్చోబెట్టి రాయిస్తారు. మీవాడి మార్కులు చూసిన దగ్గర్నుంచీ మా కోచ్ గారికి అన్నం సయించడం లేదు. నా సర్వీసులో ఇలాంటి మార్కులు ఇంతకుముందు ఒక్కసారే చూశాను. ఆ కుర్రాడి కథ సుఖాంతం కాలేదు. మార్కులెన్నో చెప్పకూడదని మా ఆఫీసు నియమం, క్షమించాలి.

మీరే పెంచారట కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఇంట్లో వాడి బుర్ర ఎలా ఉండేది? దాచకుండా రాయండి. వాడి భవిష్యత్తు దాదాపు మీ జవాబు మీదే ఉంది.

మీ జవాబు కోసం చూస్తూ,
వెండెల్ పికార్డ్

తా.క. ఫోన్ చేద్దామని ప్రయత్నించాను. ఒకావిడ ఎత్తి "సోల్వేగ్ కోళ్ల దగ్గరుంది, నాకు చెప్పండి" అంది. ఆవిడ ఎవరు?

*

స్టోర్‌డాల్, నార్త్ డకోటా
మార్చి 9

మిస్టర్ పికార్డ్ గారికి,

ఆవిడ మిసెస్ ఎగ్గెన్. మా రోడ్డు మొత్తానికి ఒకటే తీగ. నా ఫోను మోగితే ఆరిళ్లవాళ్లు ఎత్తి వింటారు. దయచేసి ఫోన్ చేయకండి. మీరు చేసిన సాయంత్రానికే "ఆర్విడ్ పరీక్ష తప్పాడట" అని ఊరంతా గుప్పుమంది. నలుగురు కూరగిన్నెలు పట్టుకుని పరామర్శకొచ్చారు.

వెంటనే ఆర్విడ్‌కి కాలేజీకి రాశాను, "పరీక్ష ఎలా రాశావురా?" అని. "ఫర్వాలేదు అత్తా" అని జవాబిచ్చాడు. మా ఊళ్లో ఈ మాటకి అర్థం పట్టుకోవడం దేవుడి తరం కాదు. వాళ్ల నాన్న, అంటే మా తమ్ముడు, ట్రాక్టరు కింద కాలు నలిగినప్పుడూ ఫర్వాలేదనే అన్నాడు. వీడు పుట్టినప్పుడూ అదే మాట అన్నాడు.

మీకో సంగతి చెప్పాలి. మా ఊళ్లో సొంత పిల్లల్ని పొగడరు. చేసిన కేకు బాగుందని ఎవరన్నా అంటే, "అడుగంటింది" అనాలి. అది మా మర్యాద. ఒకప్పుడు మిసెస్ ఎగ్గెన్ తన కూతురు బాగా పాడుతుందని చర్చి మెట్ల మీద అన్నదాన్ని ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. కాబట్టి ఇప్పుడు రాయబోయేది సిగ్గు చంపుకుని రాస్తున్నానని గ్రహించండి.

మా ఆర్విడ్ మందమతి కాడు. బడిలో వేయకముందే పేపరు చదివేవాడు. పంటకోత యంత్రం ఆగిపోతే దానికి చెవి ఆనించి విని, విప్పకుండానే ఎక్కడ పాడైందో చెప్పేవాడు. చర్చి పాటల పుస్తకం మొత్తం నోటికొచ్చు, వెనకనుంచి ముందుకు కూడా. హైస్కూల్లో లెక్కల మాస్టారు బోర్డు మీద తప్పు చేస్తే వీడు సరిచేశాడు. ఆయన వీడికి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

కాకిపిల్ల కాకికి ముద్దే అనుకోకండి. మరో అవకాశం ఇవ్వండి వాడికి. ఐదేళ్ల వయసు నుంచీ వాడికి ఈ ఆటే లోకం. తల్లీ తండ్రీ పోయిన ఇంట్లో ఆ బంతి ఒక్కటే వాణ్ని నవ్వించింది. ఇప్పుడు ఎవరూ పిలవకపోతే నేను వాడి మొహం చూడలేను.

తలవంచుకుని,
సోల్వేగ్ టోర్గర్సన్

తా.క. ఇంత గొప్పలు రాసినందుకు పాస్టర్ న్యుగార్డ్ గారి దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. "అన్నీ నిజాలే కదా?" అని అడిగారు. అవునన్నాను. "అదే మరీ పాపం" అన్నారు.

*

గాల్వెస్టన్
మార్చి 15

ప్రియమైన మిస్ టోర్గర్సన్ గారికి,

మీ ఉత్తరం అందింది. కోచ్ గారికి పైకి చదివి వినిపించాను. పాటల పుస్తకం వెనకనుంచి ముందుకు అన్నచోట మంచినీళ్లు తెమ్మన్నారు. లెక్కల మాస్టారి దగ్గరికొచ్చేసరికి లేచి కిటికీ దగ్గరికెళ్లి సముద్రం చూస్తూ నిలబడ్డారు.

దాచడం ఎందుకు, మా దిగులు తగ్గలేదు. పెరిగింది. మునుపొకసారి ఇలాంటి కుర్రాణ్ని తెచ్చుకుని చేతులు కాల్చుకున్నాం. రెండో ఏడాదే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. ఆటలో ఒక్కొక్క స్థానానికి ఇంత తెలివి ఉండాలని కోచ్ గారికి ఒక లెక్క ఉంది. మీవాడు ఆ లెక్కకు ఎక్కడా అందడం లేదు.

ఆయన ఒక్క విషయం ప్రత్యేకంగా కనుక్కోమన్నారు. ఆ మాస్టారి తప్పు మీవాడు అందరి ముందూ పైకి అన్నాడా? లేక చాటుగా చెప్పాడా?

నేను మాత్రం ఆర్విడ్ వైపే ఉన్నాను. ధైర్యంగా ఉండండి.

మీ శ్రేయోభిలాషి,
వెండెల్ పికార్డ్

తా.క. రెండో వంతు అనుకున్నవాణ్ని కోచ్ గారు బోర్డు మీద ఐదో వంతుకు దించారు. నేను చూడనప్పుడు దించారు.

*

స్టోర్‌డాల్
మార్చి 20

మిస్టర్ పికార్డ్ గారికి,

అంటే నా మాట మీకు నమ్మకం లేదన్నమాట. మంచిది. పెంచిన అత్త మాట నమ్మకపోతే ఊరి మాట నమ్మండి. ఇందులో సాక్ష్యాలు జతచేస్తున్నాను.

మొదటిది మా లైబ్రేరియన్ మిస్ ఓవ్రే గారి చీటీ. లైబ్రరీలో ఉన్నవన్నీ చదివేసి పక్క ఊరి పుస్తకాలు తెప్పించమని పీకల మీద కూర్చునేవాడట. రెండోది, ఉత్తరాల మీద చదరంగం ఆడే ఐస్‌లాండ్ పెద్దాయన రాసిన కార్డు. ఆయన ఓడిపోయి "అబ్బాయీ, నాకు బీపీ ఉంది, ఇక చాలిద్దాం" అని రాశాడు. మూడోది మా హైస్కూల్ కోచ్ సివర్ట్ చెప్పింది. ఆట మధ్యలో విరామానికి వచ్చినప్పుడు ఆర్విడ్ లేచి, "మనం అనుకున్న పథకం పనికిరాదండీ, ఎందుకంటే..." అని మొదలుపెట్టాడట. సివర్ట్ కాసేపు గింజుకుని చివరికి వాడు చెప్పినట్టే చేశాడు. ఆ ఆట మావాళ్లే గెలిచారు. ఇది ముఖ్యంగా మీ కోచ్ గారికి చదివి వినిపించండి. ఆయన తప్పక సంతోషిస్తారు.

ఇంతకన్నా ఏం కావాలండీ మీకు? బంతి అందించడానికి ఎంత తెలివి కావాలి? మీ టెక్సస్‌లో సెంటర్లందరూ పండితులా?

ఆర్విడ్ ఆదివారం ఇంటికొచ్చాడు. పొలంలో ఒక్కడే బంతిని వెనక్కి విసురుతూ చీకటి పడేదాకా ఉన్నాడు. పట్టుకునేవాడు లేడు. తనే వెళ్లి తెచ్చుకుని మళ్లీ విసిరాడు.

కోపం దిగమింగుకుని,
సోల్వేగ్ టోర్గర్సన్

తా.క. మీ కోచ్ గారు అడిగినదానికి జవాబు. పైకి ఏమీ అనలేదు. మావాడు చాలా నెమ్మది. లేచి వెళ్లి, మాస్టారు రాసింది తుడిచేసి, సరిగా రాసి, సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు.

*

గాల్వెస్టన్
మార్చి 25

అమ్మా మిస్ టోర్గర్సన్ గారూ,

ఆపండి! మీకు పుణ్యముంటుంది, ఇక సాక్ష్యాలు పంపకండి!

మీ ఉత్తరం చూశాక నాకు తల తిరిగింది. ఎక్కడో పొరపాటు జరిగిందని అప్పటికిగానీ నాకు వెలగలేదు. నియమం పోతే పోయింది, చెప్పేస్తున్నాను. మీవాడు తప్పలేదు. మీవాడికి యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి.

అదండీ మా దిగులు. మామూలు కుర్రాళ్లకు ఇరవై వస్తుంది. సెంటర్‌కి ఇరవై ఐదు వస్తే ముద్దొస్తాడు. ముప్పై దాటితే "ఎందుకు?" అని అడుగుతాడని కోచ్ గారి సిద్ధాంతం. నలభై దాటితే ఆ "ఎందుకు?" తననే అడుగుతాడట. అలాంటివాడు రెండేళ్లు ఆడి, మోకాళ్లు ఎన్నాళ్లు ఉంటాయో లెక్కలేసుకుని, ఏ పెద్ద చదువుకో చెక్కేస్తాడు. నేను చెప్పిన ఆ మునుపటి కుర్రాడికి నలభై ఒకటి. ఇప్పుడు డెన్వర్‌లో పళ్ల డాక్టరు. మా కోచ్ గారు ఆయన దగ్గరే పన్ను పీకించుకున్నారు. ఆరోజు నుంచీ ఇంకా పగ.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మన పని. సివర్ట్ సంగతి చదివిన మధ్యాహ్నమే ఆర్విడ్ పేరు ఐదో వంతు నుంచి పదో వంతుకు దిగిపోయింది.

నిజం చెప్పనా, ఈ మార్కులకు విలువ ఉందో లేదో నాకే తెలియదు. తెలుసుకోవాలన్న దురద మాత్రం పట్టుకుంది. పాత ఫైళ్లన్నీ తీసి, ఏళ్ల తరబడి మేం తెచ్చిన కుర్రాళ్ల మార్కులు ఒక పక్కా, వాళ్లు ఆడిన ఆట ఒక పక్కా పెట్టి చూశాను. ఏ గీతా కుదరడం లేదు. పదకొండు వచ్చినవాడు మా గోడ మీద ఫోటోగా ఉన్నాడు. ముప్పై ఎనిమిది వచ్చినవాడి పేరు మా వంటవాడికి కూడా గుర్తులేదు. డ్వేన్ కోటీ అని మాకో డిఫెన్సు ఆటగాడున్నాడు. హోటల్లో గది నంబరు మర్చిపోయి మెట్ల మీద పడుకుంటాడు. కానీ ఎదుటి జట్టు వరసలో నిలబడగానే బంతి ఎటు పోతుందో చెప్పేస్తాడు. ఎలారా అని అడిగితే, "వాళ్ల పిక్కలు చెబుతాయి సార్" అంటాడు. ఆ యాభై ప్రశ్నల్లో పిక్కల గురించి ఒక్కటీ లేదు. మరి ఏమిటండీ మేం కొలుస్తున్నది? కొలవడం తేలిగ్గా ఉన్నదాన్ని కొలుస్తున్నామేమో అని నా అనుమానం. అలాగని తెలివి అక్కర్లేదని కూడా అనలేను. ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు.

సరే, పని మాట. మీవాడిలో బుద్ధిలేని లక్షణాలు ఏమైనా ఉంటే వెంటనే రాయండి. చిన్నవైనా సరే.

కంగారులో,
వెండెల్ పికార్డ్

తా.క. ఆ పోయిన ఒక్క ప్రశ్న దగ్గర మీవాడు కాగితం అంచున చిన్న అక్షరాలతో "ఈ ప్రశ్నే తప్పు" అని రాసి, కారణం కూడా రాశాడు. పరీక్ష తయారుచేసినవాళ్లకు పంపాం. వాళ్లింకా కూర్చుని మాట్లాడుకుంటున్నారట.

*

స్టోర్‌డాల్
మార్చి 31

ప్రియమైన మిస్టర్ పికార్డ్ గారికి,

ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఎంత బావుండేదండీ! పొగడటం నాకు చేతకాదు గానీ, తిట్టమంటే మా ఊరికి పెట్టింది పేరు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింద గదిలో కాఫీ దగ్గర సంగతి చెప్పాను. "ఆర్విడ్ తెలివితక్కువవాడని రాసివ్వాలి, ఎవరికేం తెలిస్తే అది చెప్పండి" అన్నాను. అంతే, వరస కట్టారు. వాడు బాగుండాలని కోరుకోనివాళ్లు మా ఊళ్లో లేరు. చూడండి మరి ఎంత ఉత్సాహంగా చెప్పారో.

గడ్డకట్టే చలిలో వీడు ఇనప పంపుకి నాలుక ఆనించాడు. అతుక్కుపోయింది. వేణ్నీళ్లు పోసి ఊడదీశాం. మర్నాడు మళ్లీ ఆనించాడు! ఇంతకన్నా బుద్ధిలేనివాడు ఉంటాడా? ఒకసారి కంపుకొట్టే స్కంకును పట్టుకుని పిల్లి అనుకుని ఇంట్లోకి తెచ్చాడు. నెలరోజులు మేం పశువుల కొట్టంలో పడుకున్నాం. చర్చిలో అందరి ముందూ విశ్వాసం ఒప్పుకునే రోజున ఒక కాలికి నల్లబూటు, ఒక కాలికి గోధుమరంగు బూటు వేసుకొచ్చాడు. మిసెస్ ఎగ్గెన్ వాళ్ల అమ్మాయిని డాన్సుకు పిలవడానికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, నోరు పెగలక, వాళ్ల కిటికీ తలుపు బాగుచేసి వచ్చేశాడు. ఆ పిల్ల ఇంకా ఎదురుచూస్తోంది.

ఇంకా చాలా ఉన్నాయి. విడిగా పార్సెల్ పంపుతున్నాను.

తేలికపడిన మనసుతో,
సోల్వేగ్ టోర్గర్సన్

తా.క. పాస్టర్ గారు కూడా ఒకటి రాసిచ్చారు. రాసిచ్చి, "మన సంఘంలో ఇంత ఐకమత్యం ఎన్నడూ చూడలేదు" అని కళ్లు తుడుచుకున్నారు.

*

గాల్వెస్టన్
ఏప్రిల్ 10

ప్రియమైన మిస్ టోర్గర్సన్ గారికి,

ఏమని రాయను? పార్సెల్ అందింది. కోచ్ గారు తలుపేసుకుని అన్నీ చదివారు. సాయంత్రం నన్ను పిలిచారు.

"వెండెల్, పంపుకి నాలుక ఒకసారి ఆనిస్తే వెర్రితనం. రెండోసారి ఎందుకు ఆనించాడో అత్తగారు అడిగిందా?" అన్నారు.

"లేదనుకుంటానండీ."

"నేను చెప్తా విను. మొదటిరోజు కంటే రెండోరోజు చలి ఎక్కువ. ఎంత చలికి ఎంత అతుక్కుంటుందో చూశాడు వాడు. అది వెర్రి కాదయ్యా, పరిశోధన!"

స్కంకు సంగతి మీరు నమ్మారు గానీ ఆయన నమ్మలేదు. "నెలరోజులు ఇంట్లో ఎవర్నీ ఉండనివ్వలేదా? చదువుకోవడానికి ఇల్లు ఖాళీ చేయించాడు" అన్నారు. బూట్లకూ ఏదో కారణం చెప్పారు, నాకు గుర్తులేదు. డాన్సు పిల్ల దగ్గర మాత్రం కాసేపు మెత్తబడ్డారు. మళ్లీ ఆ కిటికీ ఎలా బాగుచేశాడో అడిగి గట్టిపడ్డారు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది మా కోచ్ గారి వ్యవహారం. ఒకసారి అనుమానం పుట్టాక ఏది చూపించినా దానికే ఆసరా అవుతుంది. ఆర్విడ్ పేరు బోర్డు మీద నుంచే తీసేశారు. మిగతా జట్లూ వెనకాడుతున్నాయని విన్నాను. ఈ మార్కులు రహస్యమంటారు గానీ, ఆ రహస్యం తెలియని ఆఫీసు ఈ దేశంలో లేదు.

నేను ఓడిపోయాను. వాడి ఆట చూసినవాణ్ని కాబట్టి బాధగా ఉంది. మీకు మాట ఇచ్చినవాణ్ని కాబట్టి సిగ్గుగా కూడా ఉంది.

చేతులు జోడించి,
వెండెల్ పికార్డ్

తా.క. పాస్టర్ గారు రాసిచ్చినదాన్ని కోచ్ గారు విడిగా పెట్టమన్నారు. "మతాచార్యుడి చేత కూడా అబద్ధం ఆడించగలిగాడంటే వీడు మామూలోడు కాదు" అన్నారు.

*

స్టోర్‌డాల్
ఏప్రిల్ 24

మిస్టర్ పికార్డ్ గారికి,

ఈ ఉత్తరం వేరు. ఇందులో వేళాకోళం లేదు. అత్యవసర తపాలాలో పంపుతున్నాను, కోచ్ గారికి కూడా చూపించండి.

మొన్న పశువైద్య కళాశాల నుంచి ఆర్విడ్ పేరున ఇంటికి కవరొచ్చింది. విప్పాను. తప్పే, కానీ విప్పాను. "మీకిచ్చిన సీటు వద్దని రాసినందుకు విచారిస్తున్నాం" అని ఉంది. సీటు వచ్చిందని నాకు చెప్పనే లేదు! ఆ సీటు కోసం ఇక్కడి కుర్రాళ్లు ఏళ్లకేళ్లు పడిగాపులు పడతారు. మా జిల్లాలో పశువుల డాక్టరే లేడు.

ఇంతవరకూ ఏ జట్టూ వాణ్ని పిలుస్తానని మాటివ్వలేదు. పిలుస్తుందన్న ఆశ కూడా మీ ఉత్తరంతో పోయింది. ఆ సంగతి వాడికి నేను ఫోన్లో చెప్పాను, ఊరంతా విన్నా సరేనని. అయినా మర్నాడే ఆ పశువైద్య కళాశాలకు వద్దని రాసేశాడు! బస్సెక్కి వాడి కాలేజీ ఉన్న ఫార్గో వెళ్లాను. వాడి గదిలో కూర్చోబెట్టి అడిగాను.

"ఎందుకురా ఇలా చేశావు?"

"ఫర్వాలేదు అత్తా."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే చెంప పగలగొడతాను. సరిగ్గా చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక వాడు నాతో అంత మాట్లాడటం అదే మొదలు.

"అత్తా, నా బుర్ర ఊరుకోదు. పడుకున్నా ఊరుకోదు. చర్చిలో ఊరుకోదు. ఎవరన్నా మాట్లాడుతుంటే వాళ్ల మాట అయ్యేలోపు పది రకాలుగా లెక్కలేస్తుంటుంది. అమ్మానాన్న పోయిన రాత్రి కూడా ఊరుకోలేదు. అప్పుడు కూడా ఏవో లెక్కలే చేశాను. దానికి నాకెంత సిగ్గో నీకు తెలియదు. కానీ బంతి మీద చెయ్యి పెట్టి వంగుంటాను చూడు, అవతలివాడి ఊపిరి వినపడుతుంటుంది, అప్పుడు ఒక్క క్షణం బుర్రలో ఏమీ ఉండదు. చప్పుడే ఉండదు. అది నాకు ఇంకెక్కడా దొరకలేదు అత్తా. ఆవుల దగ్గర కూడా దొరకదు. రెండో దారి ఉంటే దాంట్లోకి జారిపోతానని భయం వేసింది. అందుకని ఆ దారి మూసేశాను."

"ఎవరూ పిలవకపోతే?"

"ఎవడో ఒకడు పట్టుకునేవాడు ఉండకపోడు. ఊరి జట్టులో ఆడతాను. ధాన్యం గిడ్డంగిలో బస్తాలు మోస్తాను."

బుద్ధి ఉన్నవాడెవడైనా చేసే పనేనా ఇది? ఇంత తెలివి పెట్టి దేవుడు వీడికి ఇంగితం పెట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. వాడూ ఏడ్చాడు. తర్వాత నన్ను బస్సెక్కించాడు.

కళాశాల పెద్దాయన్ని కలిశాను. ఏ ఫుట్‌బాల్ జట్టూ తీసుకోకపోతే ఈ నెలాఖరుదాకా సీటు అట్టేపెడతానన్నారు. కాబట్టి ఇప్పుడు నేను అడిగేది తిరగబడింది. దయచేసి మావాణ్ని తీసుకోకండి. వేరే జట్లకు కూడా, వాడు చాలా తెలివైనవాడని, కోచుల ప్రాణాలు తోడేస్తాడని రాయండి. వాడి ఏడుపు కొన్నాళ్లే. బతుకు చాలా కాలం ఉంటుంది.

మీ మీద భారం వేసి,
సోల్వేగ్ టోర్గర్సన్

తా.క. బస్సులో వస్తుంటే ఒక్క క్షణం బుర్ర ఊరుకోవడం ఎలా ఉంటుందో చూద్దామని కళ్లు మూసుకున్నాను. దిగాల్సిన చోటు దాటిపోయింది.

*

గాల్వెస్టన్
ఏప్రిల్ 30

ప్రియమైన మిస్ టోర్గర్సన్ గారికి,

ముందు నన్ను తిట్టండి. తర్వాత చదవండి.

ఎంపిక రెండో రోజు పొద్దున మీ ఉత్తరం అందింది. పదో వంతు నడుస్తోంది. గదినిండా సిగరెట్ పొగ, కాఫీ కప్పులు, ఒకరి మీద ఒకరం విసుక్కుంటున్నాం. మీరు చూపించమన్నారు కాబట్టి కోచ్ గారి ముందు పెట్టాను. ఆయన ఒకసారి చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"సీటు వదిలేశాడా?"

"వదిలేశాడండీ."

"మనం వద్దన్నామని తెలిశాక వదిలేశాడా?"

"తెలిసిన మర్నాడు."

ఆయన లేచి వరండాలోకి పోయారు. పదకొండో వంతు కూడా అయిపోయింది. వెతుక్కుంటూ వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మీకు తెలియదేమో, ఆయన కూడా ఒకప్పుడు సెంటరే.

"వెండెల్, బంతి మీద చెయ్యి వేసినప్పుడు ఆ చప్పుడు లేకపోవడం ఉంది చూశావా... అది నాకొక్కడికే అనుకున్నానయ్యా ఇన్నాళ్లూ. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతుందని" అన్నారు.

కాసేపయ్యాక లేచి చొక్కా దులుపుకున్నారు. "నాకు కావలసిన వెధవ ఇన్నాళ్లకు దొరికాడు. నడువు" అన్నారు. పన్నెండో వంతులో, ఆఖరి పేరుగా, మీ ఆర్విడ్ పేరు చదివించారు. మీరు వద్దని వేడుకున్న సంగతి నేను గుర్తు చేశాను. "ఆవిడ అడిగింది వాడి బతుకు బాగుండాలని. అందుకే తీసుకుంటున్నా" అన్నారు. మీరంటే భయం ఉన్నా ఆయన మాటకే తలూపాను.

ఇంతకీ ఆ మార్కులకు విలువ ఉందా అంటే, నాకు ఇప్పటికీ తెలియదు. నలభై తొమ్మిది చూసి మేం వాణ్ని వదిలేశాం. యాభైలో లేని ఒక ప్రశ్నకు వాడిచ్చిన జవాబు చూసి తీసుకున్నాం. నా ఫైళ్లలో ఆ జవాబుకి గడి లేదు. ఒకటి గీద్దామని కూర్చున్నాను గానీ, పైన ఏమని పేరు రాయాలో తోచడం లేదు.

జూలైలో వాణ్ని ఇక్కడికి పంపండి. మీరూ రండి. మీ కోపం చల్లారాకే రండి.

మీ క్షమాపణకు ఎదురుచూసే,
వెండెల్ పికార్డ్

తా.క. పేరు చదివాక కోచ్ గారే స్వయంగా ఆర్విడ్‌కి ఫోన్ చేశారు. "నాయనా, నువ్వు మావాడివి" అన్నారు. అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. కోచ్ గారికి ప్రాణం లేచొచ్చి, ఇరవై ఏళ్లుగా మేం ఆడుతున్న పథకం ఒకటి హుషారుగా వివరించారు. వాడు అంతా విని, చాలా మర్యాదగా, "సార్, మరి ఎడమవైపు నుంచి రెండోవాడు కూడా దూసుకొస్తే వాణ్ని ఎవరు ఆపుతారు?" అన్నాడు. కోచ్ గారు కాగితం తీసి గీశారు. తుడిచారు. మళ్లీ గీశారు. ఆపడానికి ఎవరూ లేరండీ! ఇరవై ఏళ్లుగా ఎవరూ లేరు! మెల్లగా ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "ఆ పశువైద్య కళాశాలకు రాసి, సీటు ఇంకా ఉందేమో కనుక్కో" అన్నారు. "అదేమిటండీ, అప్పుడే వాణ్ని పంపేస్తారా?" అన్నాను. "వాడిక్కాదయ్యా, నాకు" అన్నారు.